హైస్కూల్ ఫుట్‌బాల్: ప్రైవేట్ స్కూళ్ళకి ప్లేఆఫ్స్ విడిగా పెట్టాలా?

విభాగం: పిల్లలు, చదువులు, ఆటలు (అమెరికా)

శ్రీను_పిట్స్‌బర్గ్ | 2024 డిసెంబర్ 14, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా వాడు పదకొండో క్లాసు. పిట్స్‌బర్గ్‌కి ఉత్తరం వైపు ఒక పబ్లిక్ స్కూల్ టీమ్‌లో గార్డ్ (ముందు లైన్‌లో ఢీకొట్టే స్థానం) ఆడతాడు. ఇండియా నుంచి చదివేవాళ్ళకి చిన్న మాట: ఇక్కడ పబ్లిక్ స్కూల్ అంటే సర్కారు బడి, ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్.

ఈ సీజన్ ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర టైటిల్ కోసం ఆడే నాకౌట్ ఆటల్లో) మా టీమ్ ఒక ప్రైవేట్ స్కూల్ చేతిలో ఓడిపోయింది. ఓడిపోయామని ఈ పోస్ట్ పెట్టడం లేదు. ఓటమి పిల్లలకి మంచిదే. కానీ మా వాడు 95 కిలోలు. ఎదురుగా నిలబడ్డ పిల్లాడు 135 కిలోలు, వాడికి అప్పటికే కాలేజీల నుంచి స్కాలర్‌షిప్ ఆఫర్లు ఉన్నాయి. మా వాళ్ళలో సగం మంది అఫెన్స్, డిఫెన్స్ రెండూ ఆడతారు, ఎందుకంటే వేరే మనుషులు లేరు. అవతల రెండిటికీ వేర్వేరు జట్లు, బెంచీ మీద ఇంకో జట్టుకి సరిపడా పిల్లలు. మూడో క్వార్టర్ వచ్చేసరికి మా లైన్ మొత్తం మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒంగి ఊపిరి తీసుకుంటోంది. అలిసిపోయిన పిల్లాడు తల దించి ఢీకొడతాడు. మెడకి, తలకి దెబ్బలు తగిలేది అప్పుడే. నా బాధ అది.

మా రాష్ట్రంలో ఈ గొడవకి మూలం 1972లో ఉంది. ఆ ఏడాది వచ్చిన యాక్ట్ 219 చట్టంతో ప్రైవేట్ స్కూళ్ళకి రాష్ట్ర స్కూల్ ఆటల సంఘం పీఐఏఏలో చేరే హక్కు వచ్చింది. ఫిలడెల్ఫియా కాథలిక్ లీగ్ మాత్రం చాలాకాలం బయటే ఉండి 2008లో చేరింది. ఆ లీగ్‌లోని సెయింట్ జోసెఫ్స్ ప్రెప్ పెద్ద స్కూళ్ళ క్లాసులో 2013, 2014, 2016, 2018, 2019, 2020, 2022, 2023లో గెలిచింది. పోయిన వారం మళ్ళీ గెలిచింది. పన్నెండు సీజన్లలో తొమ్మిది టైటిళ్ళు. మధ్యలో 2017లో పైన్-రిచ్‌లాండ్, 2021లో మౌంట్ లెబనాన్ ఫైనల్లో దాన్ని ఓడించాయి. రెండూ మా వైపు పబ్లిక్ స్కూళ్ళే, అందుకని ఇక్కడ పండగ చేసుకున్నారు.

పబ్లిక్ స్కూల్‌కి జిల్లా గీత ఉంటుంది. ఆ గీత లోపల ఏ ఇంట్లో ఏ పిల్లాడు పుడితే వాడితోనే ఆడాలి. ప్రైవేట్ స్కూల్‌కి గీత లేదు. ఎవరిని చేర్చుకోవాలో వాళ్ళే నిర్ణయించుకుంటారు. ఇద్దర్నీ ఒకే బ్రాకెట్‌లో (నాకౌట్ పట్టికలో) పెట్టి "ఆడి గెలవండి" అంటే అది పోటీ అవుతుందా? మీ రాష్ట్రాల్లో ఎలా ఉందో చెప్పండి. విడదీస్తే ఏమవుతుందో చూసినవాళ్ళ మాట వినాలని ఉంది.

---

పద్మ_ఎడిసన్ | రాత్రి 9:50

శ్రీను గారూ, ముందు బాబు ఎలా ఉన్నాడు? దెబ్బలేమీ లేవు కదా?

న్యూజెర్సీలో ప్లేఆఫ్స్ ఎప్పటినుంచో విడివిడిగానే ఉన్నాయి. పబ్లిక్ స్కూళ్ళకి వాళ్ళ గ్రూపులు, నాన్-పబ్లిక్ వాళ్ళకి వాళ్ళ గ్రూపులు. ఎడిసన్‌లో చదివే పిల్లలు నవంబర్లో బెర్గెన్ కాథలిక్‌కి ఎదురుపడాల్సిన అవసరం లేదు. ఆ మేరకు ప్రశాంతంగా ఉంటుంది.

కానీ అంతటితో అయిపోయిందనుకోకండి. నాన్-పబ్లిక్ పెద్ద స్కూళ్ళ టైటిల్ బెర్గెన్ కాథలిక్, డాన్ బాస్కో ప్రెప్, సెయింట్ జోసెఫ్ (మీ ఫిలడెల్ఫియాది కాదు) లాంటి కొద్ది స్కూళ్ళ మధ్యే తిరుగుతుంది. ఈ మూడూ ఒకే కౌంటీలో ఉన్నాయి. మిగతా చిన్న కాథలిక్ స్కూళ్ళ పరిస్థితి ఏంటి? ముప్పై మంది పిల్లలతో నడిచే టీమ్ కూడా "నాన్-పబ్లిక్" అన్న ఒక్క మాటకి ఆ గుంపులో పడుతుంది. వాళ్ళకీ మీ బాబు కష్టమే.

ఇంకో విషయం. ఎనిమిదో క్లాసు నుంచే పిల్లల్ని లాగడం విడదీసినా ఆగలేదు. మా వీధిలో ఒక అబ్బాయి మిడిల్ స్కూల్లో బాగా పరిగెత్తేవాడు. ఒక స్కూల్ వాళ్ళు ఒక రోజు పిలిచి క్లాసులు, జిమ్ అన్నీ చూపించారు, ఫీజులో సాయం చేస్తామన్నారు. సెప్టెంబర్‌కి మా టౌన్ టీమ్‌లో లేడు. వాళ్ళమ్మ చేసింది తప్పని నేను అనలేను. ఏటా ఇరవై వేల డాలర్ల పైన ఫీజు ఉన్న స్కూల్లో సీటు తక్కువకి వస్తే ఎవరు వద్దంటారు?

---

విజయ్_క్లీవ్‌ల్యాండ్ | రాత్రి 10:31

నేను అవతలి పక్షం చెబుతాను. మా పెద్దవాడు కాథలిక్ స్కూల్లో చదువుతున్నాడు. మేము హిందువులం, అయినా చేర్చుకున్నారు. చదువు బాగుంటుందని చేర్చాం, ఆట తర్వాత వచ్చింది. నేను ఫీజు కడుతున్నాను, పబ్లిక్ స్కూళ్ళ కోసం ప్రాపర్టీ టాక్స్ కూడా కడుతున్నాను. మా వాడు పొద్దున ఐదున్నరకి లేచి వెయిట్ రూమ్‌కి వెళతాడు. గెలిస్తే "రిక్రూట్ చేశారు" అని ఒక్క మాటతో ఆ కష్టమంతా కొట్టిపారేస్తారు. అది వాడి ముందు అన్నప్పుడు ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఒహాయోలో ఈ చర్చ ఓట్ల దాకా వెళ్ళింది. 2011, 2012, 2013లో వరుసగా మూడుసార్లు స్కూళ్ళ ప్రిన్సిపాళ్ళు ప్రతిపాదనలు ఓడించారు. 2014లో "కాంపిటిటివ్ బ్యాలెన్స్" పాసైంది, 2017 నుంచి అమలు. రోస్టర్‌లో (జట్టు జాబితాలో) బయటి నుంచి వచ్చిన పిల్లలు ఎంతమంది ఉంటే అంత లెక్క కలిపి స్కూల్‌ని పై డివిజన్‌కి నెడతారు. బాగానే ఉంది. కానీ కాథలిక్ స్కూల్ సెయింట్ ఎడ్వర్డ్ ఎప్పుడూ అన్నిటికన్నా పైదైన డివిజన్ 1లోనే ఉంది. దాన్ని ఇంకెక్కడికి నెడతారు? 2021, 2022, 2023 మూడేళ్ళూ అదే గెలిచింది. అలాగని పబ్లిక్ స్కూళ్ళు గెలవలేవా? మొన్ననే కొలంబస్ దగ్గరి ఒలెంటాంజీ లిబర్టీ ఫైనల్లో మోలర్ అనే కాథలిక్ స్కూల్‌ని ఓడించింది. అది పబ్లిక్ స్కూల్.

---

శ్రీను_పిట్స్‌బర్గ్ | రాత్రి 10:48

విజయ్ గారూ, మీ అబ్బాయి కష్టాన్ని ఎవరూ తక్కువ చేయడం లేదు. నా గొడవ పిల్లలతో కాదు, బ్రాకెట్‌తో. ఒలెంటాంజీ లిబర్టీ ఉన్న పావెల్ ఎలాంటి ఊరో మీకు తెలుసు. అక్కడ ఇళ్ళ ధరలే ఒక ఫీజు. ఆ సంగతి నేనూ ఒప్పుకుంటాను.

పద్మ గారూ, బాబు బాగానే ఉన్నాడండి. భుజం పట్టేసింది, ఐస్ పెట్టుకుంటున్నాడు.

---

డాక్టర్_బీవర్ | డిసెంబర్ 15, ఉదయం 7:20

శ్రీను, నేను మీ పక్క కౌంటీలోనే ఉంటాను. మీ పోస్ట్‌లో రాని పేరు అలిక్విప్ప. ఆ పేరు లేకుండా పెన్సిల్వేనియా చర్చ పూర్తి కాదు.

కొత్తవాళ్ళకి చెబుతాను. అలిక్విప్ప ఒహాయో నది ఒడ్డున ఒకప్పటి ఉక్కు ఊరు. జోన్స్ అండ్ లాఫ్లిన్ మిల్లులో వేల మంది పనిచేసేవారు. 1980లలో మిల్లు మూతపడింది, ఊరు ఖాళీ అయింది. ఇప్పుడు జనం తొమ్మిది వేల చిల్లర. ఆ బడి నుంచి ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ముగ్గురు వెళ్ళారు: మైక్ డిట్కా, టై లా, డారెల్ రీవిస్. 1991, 2003, 2018, 2021, 2023లో రాష్ట్ర టైటిళ్ళు. పబ్లిక్ స్కూల్. ఇక్కడ స్కూల్ సైజుని బట్టి 1ఏ నుంచి 6ఏ దాకా క్లాసులు. పిల్లల సంఖ్య చూస్తే అట్టడుగు 1ఏ క్లాసులో ఆడాలి.

2018లో పబ్లిక్ స్కూళ్ళు విడి ప్లేఆఫ్స్ కావాలని గట్టిగా అడిగాయి. విడదీయడానికి చట్టం ఒప్పుకోదని పీఐఏఏ చెప్పింది, బదులుగా ఒక ఫార్ములా తెచ్చింది. రెండేళ్ళలో ప్లేఆఫ్స్‌లో ఎంత దూరం వెళ్ళారో దానికి పాయింట్లు. ఆ పాయింట్లు గీత దాటి, ట్రాన్స్‌ఫర్ పిల్లలు కూడా నిర్ణీత సంఖ్యకి మించితే టీమ్‌ని పై క్లాసుకి ఎక్కిస్తారు. ప్రైవేట్ స్కూళ్ళని దృష్టిలో పెట్టుకునే అది చేశారని అందరూ అనుకున్నారు. చివరికి దాని కింద పడింది అలిక్విప్ప. అప్పటికే తమ సైజుకి మించి 4ఏలో ఆడుతున్నవాళ్ళని 2024లో 5ఏకి పంపాలని చూశారు. స్కూల్ డిస్ట్రిక్ట్ కోర్టుకి వెళ్ళింది. బీవర్ కౌంటీ జడ్జి ఆపారు, అందుకే ఈ సీజన్ 4ఏలోనే ఆడారు.

ట్రాన్స్‌ఫర్ల సంగతి కూడా చెప్పాలి. పేద ఊళ్ళో పిల్లలు మారుతూనే ఉంటారు. అద్దె కట్టలేక అమ్మమ్మ ఇంటికి వస్తారు, మళ్ళీ వెళతారు. కోచ్ పిలిచి తెచ్చుకున్న పిల్లాడూ, ఇల్లు పోయి వచ్చిన పిల్లాడూ ఆ కాగితం మీద ఒకే సంఖ్య. నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. శుక్రవారం రాత్రి ఈ చుట్టుపక్కల ఆటల నుంచి పిల్లలు వస్తారు. వాళ్ళలో రోజంతా సరిగా తినకుండా ఆడిన పిల్లలు ఉంటారు. 5ఏ అంటే వాళ్ళకి నాలుగింతలు పెద్ద స్కూళ్ళు. మీ అబ్బాయి మెడ గురించి మీరు భయపడినట్టే వాళ్ళ అమ్మలూ భయపడ్డారు, కోర్టులోనూ ఆ భద్రత మాటే వినిపించారు.

కాబట్టి స్కూల్ బోర్డు మీద పబ్లిక్ అని ఉందా ప్రైవేట్ అని ఉందా అని చూడకండి. ఎవరు పిల్లల్ని ఎంచుకోగలరు, ఎవరు ఎంచుకోలేరు, అది చూడండి.

---

మధు_బెల్వ్యూ | ఉదయం 10:05

డాక్టర్ గారి చివరి మాటకి నా ఓటు. మా ఊరి కథ దానికి సాక్ష్యం.

కాలిఫోర్నియా కాంకర్డ్‌లోని డి లా సాల్ అనే కాథలిక్ స్కూల్ 1992 నుంచి వరుసగా 151 ఆటలు గెలిచింది. ఆ రికార్డ్‌ని ఆపింది 2004 సెప్టెంబర్‌లో వాషింగ్టన్ రాష్ట్రంలోని మా బెల్వ్యూ హైస్కూల్. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ పిల్లలు చదివే పబ్లిక్ స్కూల్. అప్పట్లో "చూశారా, పబ్లిక్ స్కూల్ కూడా చేయగలదు" అని అందరూ అన్నారు.

తర్వాత 2016లో విచారణ రిపోర్ట్ వచ్చింది. జిల్లా బయటి పిల్లలు తప్పుడు అడ్రస్‌లతో చేరారని, కొందరు ఆటగాళ్ళు ఒక చిన్న ప్రైవేట్ విద్యాసంస్థలో చదువుతూ బెల్వ్యూకి ఆడారని, ఆ ఖర్చుల్లో బూస్టర్ల (టీమ్‌కి డబ్బు పోగుచేసే అభిమానుల) చేయి ఉందని అందులో రాశారు. ప్లేఆఫ్స్ నుంచి నిషేధం పడింది. అంటే డబ్బున్న ఊరు గట్టిగా అనుకుంటే పబ్లిక్ స్కూల్ గీతలు కూడా చెరిగిపోతాయి.

అదే 2016లో అదే రాష్ట్రంలో ఇంకోటి జరిగింది. ఎవరెట్‌లోని ఆర్చ్‌బిషప్ మర్ఫీ అనే కాథలిక్ స్కూల్‌తో ఆడలేమని లీగ్‌లోని స్కూళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఆటలు వదులుకున్నాయి. పిల్లలకి దెబ్బలు తగులుతాయన్నదే కారణం. గెలిచినవాళ్ళకీ అన్యాయమే, వాళ్ళ పన్నెండో క్లాసు పిల్లలు శుక్రవారాలు ఖాళీగా కూర్చున్నారు.

---

సుధ_బాల్టిమోర్ | మధ్యాహ్నం 12:40

ఆటలు వదులుకోవడం అంటే మా ఊరు గుర్తుకొస్తుంది. 2018లో సెయింట్ ఫ్రాన్సిస్ అకాడమీతో ఆడబోమని దాని లీగ్‌లోని ప్రైవేట్ స్కూళ్ళే చెప్పేశాయి. ఇక్కడ ప్రైవేట్ వర్సెస్ ప్రైవేట్ అని గమనించండి.

సెయింట్ ఫ్రాన్సిస్ 1828లో మదర్ మేరీ లాంజ్ స్థాపించిన స్కూల్, నల్లజాతి పిల్లల కోసం. అప్పటికి ఈ మేరీల్యాండ్ రాష్ట్రంలో బానిసత్వం ఉంది. ఇప్పటికీ ఊరి మధ్యలో, జైలు పక్కన, అదే పని చేస్తోంది. ఫుట్‌బాల్‌లోకి డబ్బున్న దాత కోచ్‌గా వచ్చాక దేశం నలుమూలల నుంచి మెరికల్లాంటి ఆటగాళ్ళు చేరారు. స్కోర్లు చూడలేనట్టు ఉండేవి. మిగతా స్కూళ్ళు సేఫ్టీ అన్నాయి. ఈ ఊళ్ళో చాలామందికి మాత్రం అందమైన క్యాంపస్‌లు ఉన్న స్కూళ్ళు పేద నల్లపిల్లల టీమ్‌ని వెలివేసినట్టు కనిపించింది. ఆ రెండు మాటల్లోనూ నిజం ఉందని నా అభిప్రాయం, ఎవరు ఎంత తిట్టినా సరే.

ఆ స్కూల్‌కి వచ్చి చదువుకుని కాలేజీకి వెళ్ళిన పిల్లల జీవితాలు మారాయి. "రిక్రూటింగ్ ఆపండి" అన్నప్పుడు ఆ తలుపు కూడా మూస్తున్నామని గుర్తుంచుకోవాలి.

---

రాజు_అట్లాంటా | మధ్యాహ్నం 2:15

మల్టిప్లయర్ గురించి ఎవరూ చెప్పలేదు. చాలా రాష్ట్రాలు పట్టుకున్నది దాన్నే. పిల్లల సంఖ్యని ఒక అంకెతో గుణించి స్కూల్‌ని పెద్దదిగా లెక్కేస్తారు. అలబామాలో ప్రైవేట్ స్కూళ్ళకి 2024లో 1.35 ఉండేది. ఇల్లినాయ్‌లో జోన్ గీత లేని స్కూళ్ళకి 1.65. అంటే 400 మంది ఉన్న స్కూల్‌ని 660 మంది ఉన్నట్టు చూస్తారు. మా జార్జియాలో 2022లో ఇంకో దారి పట్టారు: జోన్ బయటి నుంచి వచ్చే ప్రతి పిల్లాడినీ ముగ్గురుగా లెక్కపెట్టారు. ఇది పబ్లిక్ స్కూల్‌కీ వర్తించేది. నాకు ఈ పద్ధతిలో ఒక న్యాయం కనిపిస్తుంది, ఎందుకంటే మీరంతా చెప్పే "గీత" అన్నదాన్నే అది కొలుస్తుంది.

లోపం ఏంటంటే గుణకారం అందరికీ ఒకటే. దేశంలో పేరున్న టీమ్‌కీ, చర్చి వెనక చిన్న బిల్డింగ్‌లో నడిచే స్కూల్‌కీ ఒకే అంకె. పెద్ద టీమ్ పై క్లాసుకి వెళ్ళి అక్కడ కూడా గెలుస్తుంది. చిన్నది పై క్లాసుకి వెళ్ళి చితికిపోతుంది. పద్మ గారు చెప్పిన ముప్పై మంది టీమ్ గుర్తుందా? అదే.

---

కిరణ్_ఫ్రిస్కో | మధ్యాహ్నం 3:02

టెక్సస్‌లో ఈ తలనొప్పి లేదు. యూఐఎల్ అనే ఆటల సంఘం పబ్లిక్ స్కూళ్ళకి, ప్రైవేట్ వాళ్ళకి టాప్స్ లాంటి సంఘాలు వేరే. డల్లాస్ జెసూట్, హ్యూస్టన్‌లో స్ట్రేక్ జెసూట్, ఈ రెండే యూఐఎల్‌లో ఆడే పెద్ద ప్రైవేట్ స్కూళ్ళు.

అయితే పబ్లిక్ స్కూళ్ళే ఇక్కడ చిన్న యూనివర్సిటీల్లా ఉంటాయి. పక్క ఊరు ఆలెన్‌లో 18 వేల సీట్ల స్టేడియం 2012లో 6 కోట్ల డాలర్లతో కట్టారు. రెండేళ్ళు తిరక్కుండానే కాంక్రీట్ పగుళ్ళొచ్చి మూసేసి, 2015లో మళ్ళీ తెరిచారు. మా ఫ్రిస్కో వాళ్ళు ఇంకో దారిలో వెళ్ళారు. ఒకే పెద్ద హైస్కూల్ కట్టకుండా చిన్నచిన్నవి ఎక్కువ కట్టారు. దానివల్ల రాష్ట్ర టైటిళ్ళు రావడం కష్టం, కానీ టీమ్‌లో, బ్యాండ్‌లో, థియేటర్‌లో ఎక్కువ మంది పిల్లలకి చోటు దొరుకుతుంది. మా అమ్మాయి మార్చింగ్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. ఆలెన్‌లో పుట్టి ఉంటే ఆ చోటు కోసం ఎంత పోటీ పడాలో!

ఇది నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. ట్రోఫీ ఎవరిదన్న దానికన్నా ఎంతమంది పిల్లలు ఆడారన్నది లెక్క.

---

పీఈటీ_హనుమకొండ | డిసెంబర్ 16, రాత్రి 8:44 (ఇండియా)

సార్లందరికీ నమస్తే. నేను సర్కారు హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మీ ఆట నాకు తెలియదు కానీ మీ బాధ బాగా తెలుసు. టెన్త్‌లో మంచి మార్కులొచ్చిన మా పిల్లల్ని కార్పొరేట్ కాలేజీలు ఫ్రీ సీటు ఇచ్చి తీసుకుపోతాయి, ర్యాంకు వచ్చాక ఆ పిల్లల ఫొటోలు వాళ్ళ హోర్డింగ్ మీద ఉంటాయి. ఇన్నేళ్ళు చదువు చెప్పిన బడి పేరు ఎక్కడా ఉండదు.

ఆటల్లో మాత్రం మాకు ఒక మేలు ఉంది. స్కూల్ గేమ్స్‌లో మండలం దాటాక బడి జట్టు ఉండదు. అన్ని బడుల నుంచి మంచి ఆటగాళ్ళని ఎంపిక చేసి మండలం జట్టు, తర్వాత జిల్లా జట్టు కడతారు. నా బడిలో కబడ్డీ ఆడే పిల్ల ఒక్కతే ఉన్నా సరే, తను స్టేట్ దాకా పోవచ్చు, బడి మారనవసరం లేదు. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ లాంటివి ఉన్నాయి, కానీ వాటిలో చేరకపోతే దారి మూసుకుపోదు. మీ దగ్గర స్కూల్ గెలిస్తేనే పిల్లాడు కనపడతాడు, అందుకే పిల్లలు గెలిచే స్కూల్‌కి పోతున్నారు. ఆ ముడి అక్కడ ఉందని నాకనిపిస్తోంది.

---

విజయ్_క్లీవ్‌ల్యాండ్ | ఉదయం 11:30

పీఈటీ సార్, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. కాలేజీ కోచ్‌లు చూసేది క్యాంపుల్లో, వీడియోల్లో కూడా. అయినా మీరు చెప్పిన ముడి నిజమే. పెద్ద స్కూల్ ఆటకి ఒక్క రాత్రిలో పది మంది కోచ్‌లు వస్తారు. చిన్న స్కూల్ పిల్లాడు వీడియో పంపి, జవాబు కోసం ఎదురుచూడాలి.

---

లత_శాన్‌రమోన్ | సాయంత్రం 4:18

మా పిల్లల స్కూల్ డి లా సాల్ ఉన్న లీగ్‌లోనే. 1991 ఫైనల్లో పిట్స్‌బర్గ్ అనే ఊరి స్కూల్ (శ్రీను గారి పిట్స్‌బర్గ్ కాదు, మా ఈస్ట్ బేలోది) చేతిలో ఓడాక, ఉత్తర కాలిఫోర్నియాలో ఏ టీమూ దాన్ని 2021 దాకా ఓడించలేదు. ముప్పై ఏళ్ళు! ఆ ఏడాది ఓడించిన సెయింట్ ఫ్రాన్సిస్ (సుధ గారి బాల్టిమోర్ స్కూల్ కాదు, మా కాలిఫోర్నియాది) కూడా కాథలిక్ స్కూలే.

కాలిఫోర్నియా విడదీయలేదు. పిల్లల సంఖ్య చూడటం తగ్గించి, టీమ్ బలం చూసి డివిజన్లు వేయడం మొదలుపెట్టారు. దక్షిణంలో మేటర్ డీ, సెయింట్ జాన్ బాస్కో అనే కాథలిక్ స్కూళ్ళు పై డివిజన్‌లో ఒకదాన్నొకటి ఢీకొంటాయి. 2016 నుంచి 2024 దాకా సదరన్ సెక్షన్ డివిజన్ 1 ఈ రెండిట్లో ఒకదానిదే. మేటర్ డీ నుంచి ముగ్గురు హైస్మన్ ట్రోఫీ (కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా మేటి ఆటగాడికి ఇచ్చేది) గెలిచారు: జాన్ హ్వార్టే, మ్యాట్ లైనార్ట్, బ్రైస్ యంగ్. అలాంటి స్కూల్‌ని మామూలు టౌన్ స్కూల్‌తో ఆడించడం ఎవరికీ మంచిది కాదు, మేటర్ డీ పిల్లలకి కూడా.

దీనికి పడే తిట్లు: రాష్ట్రంలో 15 స్టేట్ ఫైనల్స్ అయ్యాయి, సగం ఆటలు ఓడిన టీమ్ కూడా ఏదో ఒక "స్టేట్ ఛాంపియన్" అవుతోంది అని. నిజమే. కానీ శ్రీను గారూ, డిసెంబర్‌లో ఒక మామూలు టౌన్ పిల్లలు దాదాపు సమానమైన టీమ్‌తో చివరి నిమిషం దాకా ఆడి గెలవడం నేను దగ్గరి నుంచి చూశాను. క్వార్టర్‌బ్యాక్ 70 కిలోలు కూడా ఉండడు. గంట దాటినా మైదానంలోంచి ఎవరూ కదల్లేదు, వాళ్ళ తాతలు కూడా ఆ గడ్డి మీదే నిలబడి ఉన్నారు. పదిహేను ట్రోఫీలు ఎక్కువ అనేవాళ్ళు ఒకసారి వచ్చి చూడాలి.

---

లాయర్_నాష్‌విల్ | సాయంత్రం 6:55

ఎంత దూరం వెళ్ళిందో చెప్పడానికి ఒక్క విషయం. మా దగ్గరి బ్రెంట్‌వుడ్ అకాడమీ కోచ్ 1997లో తమ స్కూల్లో చేరబోతున్న ఎనిమిదో క్లాసు పిల్లలకి స్ప్రింగ్ ప్రాక్టీస్‌కి రమ్మని ఉత్తరం రాశారు. రిక్రూటింగ్ నిబంధన తప్పారని రాష్ట్ర సంఘం శిక్ష వేసింది. కేసు అమెరికా సుప్రీంకోర్టుకి రెండుసార్లు వెళ్ళింది. 2001లో సంఘాన్ని ప్రభుత్వంలో భాగంగానే చూడాలన్నారు, 5-4 మెజారిటీతో. అంటే దాని నిబంధనలు రాజ్యాంగానికి కట్టుబడాలి. 2007లో మాత్రం ఆ రిక్రూటింగ్ నిబంధన వాక్ స్వాతంత్ర్యానికి అడ్డు కాదని ఏకగ్రీవంగా తేల్చారు. ఒక ఉత్తరం, పదేళ్ళు.

కాబట్టి రిక్రూటింగ్‌ని నిషేధించే అధికారం సంఘాలకి గట్టిగా ఉంది. లేనిది నిఘా పెట్టే మనుషులు. స్కూళ్ళు ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేస్తే తప్ప చాలా సంగతులు బయటికి రావు.

---

శ్రీను_పిట్స్‌బర్గ్ | రాత్రి 9:40

అందరివీ చదివాను. నా మాట స్పష్టంగా చెబుతాను.

పెన్సిల్వేనియాలో ప్లేఆఫ్స్ విడదీయాలనే ఇప్పటికీ అంటాను, కానీ గీత పబ్లిక్-ప్రైవేట్ మధ్య కాదు. జిల్లా బయటి నుంచి పిల్లల్ని తీసుకునే ఏ స్కూలైనా ఒక వైపు, జిల్లాకే కట్టుబడ్డ స్కూళ్ళు ఒక వైపు. అప్పుడు అలిక్విప్ప మా వైపే ఉంటుంది. ఛార్టర్ స్కూళ్ళు (సర్కారు డబ్బుతో విడిగా నడిచేవి) అటు వెళతాయి. అటు వైపు మళ్ళీ లత గారు చెప్పినట్టు బలం చూసి డివిజన్లు వేయాలి, లేకపోతే చిన్న కాథలిక్ స్కూళ్ళు నలిగిపోతాయి. ఇల్లు పోయి మారిన పిల్లాడిని ట్రాన్స్‌ఫర్ లెక్కలో కలపకూడదు, స్కూల్ కౌన్సెలర్ సంతకం చాలు. దీనికి ముందు యాక్ట్ 219 సంగతి రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌లో తేలాలి. బిల్లులు వస్తూనే ఉన్నాయి. మా అసెంబ్లీ సభ్యుడి ఆఫీసుకి ఉత్తరం రాస్తున్నాను, డ్రాఫ్ట్ ఇక్కడే పెడతాను. పెన్సిల్వేనియా వాళ్ళు సంతకం చేయండి.

---

పద్మ_ఎడిసన్ | రాత్రి 10:02

ఉత్తరంలో ఇంకో రెండు చేర్చండి. ఒకటి, 35 పాయింట్ల తేడా వస్తే గడియారం ఆగకుండా నడిపే రూల్. చాలా రాష్ట్రాల్లో అది సెకండ్ హాఫ్‌లోనే మొదలవుతుంది. ఫస్ట్ హాఫ్ నుంచే ఉండాలి. రెండు, ఏ ఆటకైనా సర్టిఫైడ్ అథ్లెటిక్ ట్రైనర్ (గాయాలు చూసే శిక్షణ ఉన్న మనిషి) మైదానంలో ఉండాలి. బ్రాకెట్లు మారడానికి ఏళ్ళు పడుతుంది. ఈ రెండూ వచ్చే ఆగస్టుకే చేయొచ్చు.

---

డాక్టర్_బీవర్ | రాత్రి 10:20

రెండోది పైన పెట్టండి. ముందు అది కావాలి. డ్రాఫ్ట్ పంపండి, కంకషన్ (తలకి తగిలే దెబ్బ) పేరా నేను రాస్తాను.

---

విజయ్_క్లీవ్‌ల్యాండ్ | రాత్రి 10:37

విడదీయడానికి నేను ఒప్పుకోను. నా కొడుకు మంచి పబ్లిక్ టీమ్‌లతో ఆడాలనే నా కోరిక, వాడి కోరిక కూడా. కానీ పద్మ గారి రెండు అంశాలకీ నా సంతకం ఉంటుంది. ఒహాయో వాళ్ళది పనికొస్తుందంటే.

---

కొత్తగా_వచ్చాం_ఎక్స్‌టన్ | డిసెంబర్ 17, ఉదయం 8:10

ఆలస్యంగా చూశాను. మేమూ పెన్సిల్వేనియాలోనే. మా అబ్బాయి తొమ్మిదో క్లాసు, పబ్లిక్ స్కూల్. జేవీ (స్కూల్ రెండో జట్టు) ఆడుతున్నాడు. ఒక ప్రైవేట్ స్కూల్ వాళ్ళు మాట్లాడుతున్నారు, వచ్చే ఏడాది చేర్చమని. మేమూ ఆలోచిస్తున్నాం. పదకొండో క్లాసులో మారితే ఆడనివ్వరని ఎవరో అన్నారు. నిజమా? టెన్షన్‌గా ఉంది.

---

శ్రీను_పిట్స్‌బర్గ్ | ఉదయం 8:35

పెన్సిల్వేనియాలో పదో క్లాసు మొదలయ్యాక మారితే ఒక ఏడాది పోస్ట్‌సీజన్ (ప్లేఆఫ్స్) ఆడనివ్వరు. రెగ్యులర్ సీజన్ ఆడొచ్చు. ఉద్యోగం వల్ల ఇల్లు మారడం లాంటి కారణాలుంటే మినహాయింపు అడగొచ్చు. కానీ ఆట కోసమే మారారని తేలితే ఏ క్లాసులోనైనా సరే, రెగ్యులర్ సీజన్ కూడా పోతుంది. కాబట్టి మాట్లాడుతున్నది కోచా, అడ్మిషన్స్ ఆఫీసా అన్నది చూసుకోండి. కోచ్ అయితే ఫోన్ పెట్టేసి, ముందు మీ ఇప్పటి స్కూల్ అథ్లెటిక్ డైరెక్టర్‌ని ఈమెయిల్లో అడగండి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి.

మారాలా వద్దా అన్నది మీ ఇష్టం. వాడు ఆ స్కూల్లో ఒక రోజు కూర్చున్నాక, ఆట లేకపోయినా అక్కడ చదువుతావా అని అడిగి చూడండి. ఫీజు సాయం ఎంత, మిగతా మూడేళ్ళూ ఉంటుందా, గాయమై ఆట ఆగిపోతే కూడా ఉంటుందా, ఇవన్నీ కాగితం మీద పెట్టించుకున్నాకే సంతకం చేయండి.